వెనకసీటు లేని కారు

రేవుగోడ మీద నాచు ఎంతమేర బయటపడిందో చూసి పళ్ళమ్మ ఇంజన్ ఆపేసింది. నీళ్ళు బాగా దిగి ఉన్నాయి. ఫెర్రీ రేవుకంటే చాలా కిందికి వెళ్ళిపోయి, రెంటికీ మధ్య వేసిన ఇనుప ర్యాంపు గోడకి చేరవేసిన నిచ్చెనలా కనిపిస్తోంది. ఇలాంటి పూట ఆమె అందరికంటే చివర ఎక్కాలి. చెయ్యి బయటపెట్టి, వెనకున్న పాలవ్యాను అతన్ని ముందుకు పొమ్మని సైగ చేసింది. అతను దాటిపోతూ కిటికీలోంచి కిందికి వంగి నవ్వాడు. ఆ కారులో ఉన్నవాళ్ళని ఎవరు పలకరించాలన్నా కిందికి వంగాల్సిందే.

"ఇంకా ఎన్ని బళ్ళున్నాయి?" పక్కసీట్లోంచి అత్తగారు అడిగింది.

"మూడో నాలుగో ఉన్నాయత్తయ్యా."

"పోనీలే. తొందరపడి ఎక్కినవాళ్ళు మనకంటే ముందు అవతలికి చేరతారా ఏమిటి."

పసుపురంగు కారు అది. రెండే తలుపులు, రెండే సీట్లు. పక్కన నిలబడితే దాని కప్పు పళ్ళమ్మ నడుం దగ్గరికి వస్తుంది. కింద ఉన్న సందులోంచి పిల్లి దూరాలన్నా ఒకసారి ఆలోచించుకోవాలి. దీవి మొత్తానికి ఒకటే రోడ్డు. రేవు దగ్గర మొదలై, ఇళ్ళ మధ్యగా వెళ్ళి, దీపస్తంభం దగ్గర ఆగిపోతుంది. పరుగు పందేలకు పుట్టిన ఆ కారుకి అక్కడ ఒళ్ళు విరుచుకునేంత చోటు కూడా లేదు. అయినా పన్నెండేళ్ళుగా పళ్ళమ్మ దాన్ని రోజూ ఫెర్రీ ఎక్కిస్తోంది, దింపుతోంది.

చివరి బండి ఎక్కాక నెమ్మదయ్య వచ్చాడు. ఫెర్రీలో బళ్ళు ఎక్కించి దించే మనిషి అతను. తల్లిదండ్రులు పెట్టిన పేరేదో దీవిలో చాలామందికి తెలియదు. నోరు తెరిస్తే "నెమ్మది, నెమ్మది" అంటాడు కాబట్టి నెమ్మదయ్య అయ్యాడు. రెండు చంకల్లోనూ రెండు చెక్కలు పట్టుకొచ్చాడు. ఒక కొస మందంగా, ఇంకో కొస నాలుకలా పలచగా ఉండేలా అతను స్వయంగా చిత్రిక పట్టుకున్న చెక్కలు. ఈ ఒక్క కారు కోసమే వాటిని లైఫ్‌జాకెట్ల పెట్టె వెనక దాచి ఉంచుతాడు. ర్యాంపు డెక్కుని కలిసే చోట వాటిని పరిచి, కాలితో తట్టి చూసి, వెనక్కి నడుస్తూ రెండు అరచేతులూ పైకెత్తాడు.

"రండక్కా. ఎడమకి కొట్టండి. ఇంకా కొట్టండి. నెమ్మది. మామ్మగారూ, మీరు కాస్త ఊపిరి బిగపట్టండి, బరువు తగ్గుతుంది."

"బిగపట్టే ఉన్నాను. కబుర్లాపి పని చూడు," అంది అత్తగారు.

పళ్ళమ్మ ర్యాంపు వైపు చూడలేదు. అతని అరచేతుల వైపే చూస్తూ కారుని ఓరగా దింపింది. తిన్నగా పోతే ముక్కు డెక్కుకి గుచ్చుకుంటుంది. ఓరగా పోతే ఒక్కో చక్రమే, పెద్దవాళ్ళు ఒక్కో మెట్టూ చూసుకుని దిగినట్టు దిగుతుంది. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక ముందు బంపరు ముక్క ఒకటి సముద్రానికి సమర్పించుకుంది. ఇవాళ మాత్రం కిందనుంచి చిన్న గీరుడు కూడా వినిపించలేదు. నెమ్మదయ్య చెక్కలు తీసి చంకలో పెట్టుకుని, తనే నడిపినంత సంతోషంగా కప్పు మీద ఒకసారి తట్టి వెళ్ళాడు.

ఫెర్రీ కదిలింది. మిగతావాళ్ళంతా బళ్ళు దిగి పై అంతస్తుకి పోయారు. అత్తాకోడళ్ళు మాత్రం కారులోనే ఉండిపోతారు. అత్తగారిని ఆ సీట్లోంచి లేపడం, మళ్ళీ కూర్చోబెట్టడం రేవు దాటడంకంటే పెద్ద పని. పైగా ఆవిడకి కిందే ఇష్టం. పెద్ద బళ్ళలో కూర్చున్నవాళ్ళకి కిటికీ నిండా కమ్మీలే కనిపిస్తాయి. ఈ కారులోంచి చూస్తే చూపు అట్టడుగు కమ్మీకి కిందుగా పోయి, నీళ్ళు సరిగ్గా కళ్ళ ఎత్తులో పరిగెడుతుంటాయి.

పళ్ళమ్మ చేసే పని కట్టుడుపళ్ళు తయారుచెయ్యడం. అవతలి ఒడ్డున ఉన్న పంటి ఆస్పత్రిలో వెనకగది ఆమెది. దీవికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని పళ్ళు అమ్ముకునే మనిషి అనుకుంటారు. పక్కింట్లో అద్దెకి దిగిన ఒకాయన మర్నాడు పొద్దున్నే సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, మంచి పళ్ళేమున్నాయమ్మా అని అడిగాడు. అత్తగారు లోపలినుంచే, "ముందుపళ్ళున్నాయి, దవడపళ్ళున్నాయి, మీకేవి కావాలో చెప్పండి," అంది. ఆయన సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ తర్వాత నిజంగానే పైవరస కట్టించుకున్నాడు.

దీవిలో వయసు మళ్ళినవాళ్ళలో సగంమంది నోళ్ళలో ఉన్నవి ఆమె చేతి పళ్ళే. పై అంతస్తునుంచి ఎవరో పెద్దగా నవ్వడం వినిపిస్తే తలెత్తి చూస్తుంది. నవ్వు ఎవరిదైనా పళ్ళు తనవి. ఆ మాట ఆమె పైకి అనదు. కొంచెం కుడివైపు ఎత్తుగా వచ్చింది, ఈసారి వస్తే సరిచెయ్యాలి అనుకుని ఊరుకుంటుంది.

ఆమె భర్త ఇల్లు విడిచిపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అరుపులు, పోట్లాటలు ఏమీ జరగలేదు. అవతలి ఒడ్డున ఇంకొకామెతో కాపురం పెట్టుకున్నానని ఒకరోజు చెప్పాడు, అంతే. ఆ పూట అత్తగారే కొడుకు బట్టలు మడతలు పెట్టి, ఊడిన చొక్కా బొత్తాం ఒకటి కుట్టి మరీ పెట్టెలో సర్ది, గుమ్మం దాకా తెచ్చి అందించింది. "నువ్వూ బయల్దేరమ్మా," అన్నాడతను. "పొయ్యి మీద పాలున్నాయి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ సంగతి మళ్ళీ ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. కొడుకు ఎప్పుడన్నా వస్తే కాఫీ ఇచ్చి పంపేది. పళ్ళమ్మ మాత్రం ఒక ముక్క మనసులో పెట్టుకుంది. తనని చూసి జాలిపడి ఆవిడ ఉండిపోయిందని. అడగడానికి ఎప్పుడూ నోరు రాలేదు. ఏ పని చేసినా, ఏ వస్తువు కొన్నా, ఆ జాలికి తగ్గట్టు నడుచుకుంటున్నానా లేదా అని లోలోపల చూసుకునేది.

ఈ కారు ఒకప్పుడు ఆస్పత్రి పెద్ద డాక్టరుది. యాభై దాటాక ముచ్చటపడి కొన్నాడు. ఏడాది తిరక్కుండానే నడుం పట్టేసింది. కూర్చోగలిగేవాడు గాని లేవలేకపోయేవాడు. ఒకసారి ఆస్పత్రి గేటు ముందు నర్సులిద్దరు చెరో చెయ్యీ పట్టుకుని, పన్ను పీకినట్టు బయటికి లాగారు. పని మానుకునేటప్పుడు పళ్ళమ్మని పిలిచి, నువ్వు తీసుకో, డబ్బు నీకు కుదిరినప్పుడు ఇద్దువుగాని అన్నాడు. ఆమె తిట్లు తినడానికి సిద్ధపడే ఇంటికొచ్చి చెప్పింది.

"ఏం రంగు?" అని అడిగింది అత్తగారు.

"పసుపు."

"అయితే తీసుకో. వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది."

నిజంగానే కనిపిస్తుంది. సాయంత్రం ఫెర్రీ మలుపు తిరిగి రేవు ముఖం పట్టగానే, తెల్లటి, బూడిదరంగు బళ్ళ మధ్య ఒక పసుపుచుక్క. అది చూసి అత్తగారు ఎసరు పెట్టేది. పళ్ళమ్మ ఇల్లు చేరి కాళ్ళు కడుక్కునేసరికి అన్నం దిగేది.

అలాంటి కారుని ఇవాళ అమ్మెయ్యాలని పళ్ళమ్మ నిశ్చయించుకుంది. కిందటి నెల అత్తగారి నడుం చూసిన డాక్టరు, ఈ వయసులో నేలబారు సీట్లు పనికిరావు, ఎత్తుగా ఉండే బండి చూసుకోండి అన్నాడు. అప్పుడు అత్తగారు వినీ విననట్టు గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది. పళ్ళమ్మ నలుగురికీ చెప్పి ఉంచింది. అవతలి ఊళ్ళో టైర్ల దుకాణం ఆయన ఒకరు చూడ్డానికి వస్తానన్నాడు, ఇవాళే. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఎలా తెలిసిందో ఏమో, నిన్న అన్నం తింటూ అత్తగారు చెంచా పక్కన పెట్టి, "రేపు నేనూ వస్తున్నాను. కింది పళ్ళు వదులైపోయాయి. నేను మాట్లాడకముందే అవి మాట్లాడేస్తున్నాయి," అంది.

అవతలి రేవు కొత్తది. నీళ్ళతోపాటు అదీ లేచి దిగుతుంది గనక అక్కడ తిప్పలు లేవు. కారు నున్నగా ఒడ్డెక్కి, నిద్రలేస్తున్న దుకాణాల మధ్యగా ఆస్పత్రి దాకా పోయింది. అత్తగారిని దింపడానికి ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. సీటు మీద పరిచిన ప్లాస్టిక్ సంచీ ముందు జారుతుంది, దానితోపాటు ఆవిడ తలుపు వైపు తిరుగుతుంది. తర్వాత కాళ్ళు ఒకటొకటిగా బయటికి. తర్వాత పళ్ళమ్మ మెడచుట్టూ చేతులు. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకున్నట్టు కాసేపు నిలబడి ఉంటారు, ఆవిడ మోకాళ్ళు నిలదొక్కుకునేదాకా. రోడ్డున పోయేవాళ్ళు, ఏదో చాలాకాలానికి కలుసుకున్నారు పాపం అనుకుంటారు.

వెనకగదిలో ఒక పొడుగాటి బల్ల, కిటికీ, గోడనిండా ప్లాస్టర్ అచ్చులు. దవడలు తెరుచుకుని వరసగా కూర్చున్న ఆ అచ్చుల్ని చూసి అత్తగారు, "అందరూ ఒక్కసారే ఆవలిస్తున్నారు," అంది. పళ్ళమ్మ కింది వరస చేతిలోకి తీసుకుని వెలుతురుకి తిప్పి చూసింది. పళ్ళు బాగానే ఉన్నాయి. చిగురే కరిగింది. అరిగిన చోట గులాబీరంగు పదార్థం కలిపి పూసి, నోట్లో పెట్టి, గట్టిగా కరవమంది. దవడ కింద తన వేళ్ళు ఆనించి పట్టుకుంది. ఎముక చర్మానికి ఎంత దగ్గరగా వచ్చేసిందో ఆ వేళ్ళకి తెలిసింది. గట్టిపడ్డాక అంచులు అరగదీసి, మెరుగుపెట్టి, కడిగి ఇచ్చింది. అత్తగారు నాలుకతో నలుమూలలా తడిమి చూసుకుని, ఒక మాట కోసం వెతుక్కున్నట్టు ఆగి, "ఇప్పుడు నోరు నాదే," అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టైర్ల దుకాణం ఆయన వచ్చాడు. పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు. పళ్ళమ్మ చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసరికి అత్తగారు గదిలో లేదు. గేటు దగ్గర కారులో, తన సీట్లో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయాని పట్టుకుని ఎక్కిందట.

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మోకాళ్ళ మీద వంగి కింద చూశాడు. గీతలు చూసి ముఖం ఏమీ మార్చుకోలేదు. తర్వాత కిటికీ దగ్గర వంగాడు.

"మామ్మగారూ, ఒక్క చుట్టు తిప్పి చూస్తాను. మీరు కొంచెం దిగుతారా?"

"దిగడం అంత తేలిక కాదు నాయనా. నువ్వు నడుపు. నేను కూర్చుంటాను."

ఆయన పళ్ళమ్మ వైపు చూశాడు. పళ్ళమ్మ నేల వైపు చూసింది. ఆయన తన పొడుగంతా మూడుమడతలు పెట్టుకుని లోపల దూరి, కారు తీశాడు. పళ్ళమ్మ గేటు దగ్గరే నిలబడింది. ఆ కారు తనని వదిలి అలా వెళ్ళడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వెనకనుంచి అది ఎంత చిన్నగా ఉంటుందో, ఎంత నేలకి కరుచుకుని పోతుందో ఇప్పుడే తెలిసింది. మూల తిరిగి కనబడకుండా పోయాక, చేతులు ఏం చేసుకోవాలో తోచక ఏప్రను ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి ఆయన నవ్వుతున్నాడు. తాళాలు పళ్ళమ్మ చేతిలో పెట్టాడు.

"మంచి బండి. నాకు నచ్చింది. కానీ మామ్మగారు దిగేటట్టు లేరు. మీరూ మీరూ మాట్లాడుకోండి. ఖాయమైతే కబురు పెట్టండి," అని, కిటికీలోకి వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

పళ్ళమ్మ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. తలుపు వేసుకుంది. కాసేపు ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడని చూశారు.

"నాతో చెప్పకుండా అమ్మేద్దామనుకున్నావు," అంది అత్తగారు.

"మీ నడుం కోసమే అత్తయ్యా. డాక్టరు అన్నమాట మీరూ విన్నారు."

"విన్నాను. నడుం నాది. దానికి లేని తొందర నీకెందుకు?"

"ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మీ ముఖం నేను చూడనా? పళ్ళు బిగపట్టుకుంటారు. అందుకే అవి వదులైపోతున్నాయి." అని, కాస్త ఆగి, ఇన్నేళ్ళూ లోపలే పెట్టుకున్నది పైకి అనేసింది. "మీరు నాకోసం మీ అబ్బాయినే వదులుకుని ఉండిపోయారు. మీకోసం నేనొక కారు వదులుకోలేనా?"

అత్తగారు మెడ తిప్పి ఆమె వైపు చూసింది. ఆ సీట్లో ఒళ్ళు తిప్పడం కష్టం కాబట్టి మెడ ఒక్కటే తిప్పింది.

"నీకోసం ఉండిపోయానని ఎవరన్నారే?"

పళ్ళమ్మ చూపు స్టీరింగు మీదికి దించుకుంది.

"ఇన్నాళ్ళూ అదే అనుకుంటున్నావా? జాలిపడి ఉండిపోయాననా? పిచ్చిదానా, నాకు బాగుండి ఉన్నాను. మా నాన్న సైకిలెక్కిస్తే వెనక. మీ మామయ్య మోటారుసైకిలు కొంటే వెనక. మా వాడు కారు కొన్నాక ఎప్పుడన్నా తీసుకెళితే అక్కడా వెనకే. ముందు వాడూ ఆ అమ్మాయీ మాట్లాడుకుంటుంటే నేను వాళ్ళ మెడలు చూస్తూ కూర్చోవాలి. ఈ కారుకి వెనకసీటే లేదు. నన్ను ఎక్కించుకున్నావంటే పక్కన పెట్టుకోవలసిందే. దీన్ని అమ్మేస్తానంటావు."

"మీరు ఉండిపోయినప్పుడు ఈ కారు లేదు కదత్తయ్యా."

"కారు లేదు. నువ్వు అన్నం వడ్డించుకుని పక్కన కూర్చునేదానివి. ఆ రోజు ఎవరి నోట్లో ఏం చూశావో చెప్పేదానివి. ఆ దీవిలో ఎవరికి ఏ పన్ను ఊగుతోందో నాకు తెలిసినట్టు ఇంకెవరికన్నా తెలుసా?"

పళ్ళమ్మకి నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు కళ్ళల్లోకి నీళ్ళూ వచ్చాయి. వాటిని మోచేత్తో తుడుచుకుంది, చేతులకి ఇంకా ప్లాస్టరు పొడి ఉంది గనక.

"అమ్మను లెండి," అంది.

"అలా అను."

సాయంత్రం తిరుగుప్రయాణంలో ఎండ ఏటవాలుగా ముందద్దంలోంచి కొట్టింది. అత్తగారు అరచెయ్యి అడ్డం పెట్టుకుని కొంతదూరం వచ్చింది. రేవుకి పోయే రోడ్డు మూలమీద కళ్ళద్దాల దుకాణం కనిపించగానే ఆపమంది.

"నల్లవి ఒక జత కొనిపెట్టు. కారుకి తగ్గట్టు ఉండాలిగా మనుషులు కూడా."

ఆవిడ దిగదు కాబట్టి దుకాణం అమ్మాయే ట్రే పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి, కారు పక్కన గొంతుక్కూర్చుంది. ఆవిడ ఒక్కొక్కటే పెట్టుకుని పక్క అద్దంలో చూసుకుంది. చిన్నవి వద్దంది. బంగారు అంచువి చూసి, పెళ్ళికి పోతున్నామా అంది. ఆఖరికి ముఖంలో సగం కప్పేసేంత పెద్దవి తీసుకుని, "ఎలా ఉన్నాను?" అని కోడల్ని అడిగింది.

"ఈగలా ఉన్నారు."

"అయితే ఇవే," అంది దుకాణం అమ్మాయితో.

రేవు దగ్గర నెమ్మదయ్య ఆ కళ్ళద్దాలు చూసి చేతులు దించేశాడు. "ఎవరో సినిమా ఆవిడ మా ఫెర్రీ ఎక్కుతోందనుకున్నాను మామ్మగారూ."

"అవును. సంతకం కావాలంటే వరసలో నిలబడు."

అతను కారుని అన్నిటికంటే ముందు వరసలో నిలబెట్టాడు. వెనక ఒక ఇటుకల లారీ వచ్చి ఆగింది. ఫెర్రీ కదిలాక గాలి చల్లబడింది. నీళ్ళ మీద ఎండ ముక్కలుముక్కలుగా ఉంది. అత్తగారు కిటికీ పూర్తిగా దించమని, సీటు కొంచెం వెనక్కి వాల్చమంది. కళ్ళద్దాల మూల ధర చీటీ అలాగే ఉండిపోయింది. పళ్ళమ్మ దాన్ని గోటితో గీకబోతే చెయ్యి పక్కకి తోసింది.

"ఉండనీ. రెండురోజులు పెట్టుకుని చూస్తాను. నచ్చకపోతే మార్చుకోవాలిగా."

"నీళ్ళు ఎలా కనిపిస్తున్నాయి వాటిలోంచి?"

"అల్లనేరేడు రంగులో ఉన్నాయి. బాగున్నాయి." కాసేపు చూసి, "పైకి వెళ్ళి టీ తీసుకురా. చక్కెర ఎక్కువ వెయ్యమను," అంది.

పై అంతస్తులో టీ దగ్గర జనం ఉన్నారు. పళ్ళమ్మ తన వంతు వచ్చేదాకా రెయిలింగు పట్టుకుని నిలబడింది. చాలాకాలంగా వీపు మీద మోస్తున్నదేదో ఎవరో దింపి పక్కన పెట్టినట్టు ఉంది. దీవి దగ్గరికొస్తోంది. గుట్ట మీద ఇళ్ళ మధ్య తమ వంటింటి కిటికీ కనిపించింది. ఇవాళ ఎసరు పెట్టవలసినవాళ్ళు ఇద్దరూ ఫెర్రీలోనే ఉన్నారు, అన్నం ఆలస్యమవుతుంది అనుకుని నవ్వుకుంది. రెండు కప్పులూ తొణక్కుండా పట్టుకుని కిందికి వచ్చింది.

అత్తగారు నిద్రపోతోంది. తల కిటికీ వైపు కొంచెం ఒరిగింది. నల్లటి అద్దాల్లో నీళ్ళు పరిగెడుతున్నాయి. పొద్దున్నే లేచిన మనిషి, అలిసిపోయింది అనుకుంది పళ్ళమ్మ. లేపకుండా, తలుపు చప్పుడు కాకుండా వేసుకుని, తన టీ తాగింది. రెండోది చల్లారిపోకుండా చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. ఫెర్రీ మలుపు తిరిగేసరికి అది చల్లారనే చల్లారింది. అదీ తనే తాగేసింది. తీపి ఎక్కువగా ఉంది.

పొద్దున్నంత కాకపోయినా నీళ్ళు మళ్ళీ దిగాయి. ర్యాంపు పైకి ఏటవాలుగా లేచి ఉంది. నెమ్మదయ్య చెక్కలు పరిచి, పైకి ఎక్కి, అరచేతులు ఎత్తాడు. పళ్ళమ్మ ఇంజన్ తీసింది. వెనక లారీ కూడా ఇంజన్ తీసింది. కారు ఓరగా చెక్కల మీదికి ఎక్కింది. ముందు చక్రం పైకి లేవగానే అత్తగారి ఒళ్ళోంచి చెయ్యి జారి గేరు మీద, పళ్ళమ్మ చేతి మీద పడింది.

పెద్దదేం కాదు ఆ చెయ్యి. కానీ నిద్రపోయే మనిషి చెయ్యి అలా పడదు. దవడలు, ముఖాలు, పెదవులు ముట్టుకుని బతికిన పళ్ళమ్మ చేతికి ఆ సంగతి ముందు తెలిసింది. ఆ తర్వాత ఆమెకి తెలిసింది.

ర్యాంపు మధ్యలో ఆగితే కారు పొట్ట ఆనుకుని కూర్చుండిపోతుంది. వెనక లారీ ఉంది. ఆమె ఆపలేదు. నెమ్మదయ్య అరచేతుల వైపు చూసింది. ఎడమకి అంటే ఎడమకి తిప్పింది. ఇంకా అంటే ఇంకా తిప్పింది. అతని పెదవులు ఎప్పటిలాగే నెమ్మది, నెమ్మది అంటున్నాయి. అంత నెమ్మదిగా, అంత నున్నగా ఆ కారు ఎప్పుడూ ఎక్కలేదు. పక్కసీట్లో తల కూడా కదల్లేదు. పైకి చేరాక, రేవుగోడ పక్కన అందరికీ దారి వదిలి ఆపింది. లారీ దాటిపోయింది. పాలవ్యాను దాటిపోయింది. అత్తగారి చేతిని రెండు చేతులతో తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

కారు అక్కడ ఎందుకు ఆగిందో తెలియక నెమ్మదయ్య చెక్కలు పట్టుకునే వచ్చాడు. ముందు కారు కిందికే వంగి చూశాడు.

"ఏమైనా తగిలిందా అక్కా?"

"తగల్లేదు. నువ్వు బాగా ఎక్కించావు," అంది పళ్ళమ్మ. "అత్తయ్య పోయారు."

అతను చెక్కలు గోడకి చేరవేశాడు. టోపీ తీసేశాడు. నిలబడితే లోపల ఉన్నవాళ్ళు కనిపించరు గనక, కిటికీ పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ఎప్పుడు?"

"నేను టీకి వెళ్ళినప్పుడు అనుకుంటా. నీళ్ళు చూస్తూ."

"మంచి చోట కూర్చోబెట్టాను. ముందు వరసలో," అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

అతనే వెళ్ళి దీవి ఆస్పత్రికి కబురు చేశాడు. పళ్ళమ్మ భర్తకి ఫోను చేసింది. వచ్చే ఫెర్రీకి వస్తానన్నాడు. అమ్మ బాధపడిందా అని అడిగాడు. లేదని చెప్పింది. "నవ్వుతూనే ఉన్నారు ఇవాళంతా," అంది. అది నిజమే.

ఆస్పత్రి వ్యాను వచ్చి పక్కన ఆగింది. నర్సు వంగి, మణికట్టు పట్టుకుని చూసి, పళ్ళమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఎత్తేముందు పళ్ళమ్మ నల్లకళ్ళద్దాలు మెల్లగా తీసింది. కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఆ చిన్న సంగతికి ఆమె మనసు ఎంతో నెమ్మదించింది. తీసిన కళ్ళద్దాలు ఎక్కడ పెట్టాలో చూడకుండానే ముందద్దం కింద పెట్టేసింది.

నెమ్మదయ్య ఒక చెయ్యి వీపు కిందా, ఒక చెయ్యి మోకాళ్ళ కిందా పెట్టాడు. ఇన్నేళ్ళూ సంచీతో, మెడచుట్టూ చేతులతో ఇద్దరూ అంతసేపు అవస్థపడి చేసే పని అది. అతను ఆవిడని ఒక్క ఊపులో, నిద్రపోయే పిల్లని తీసినట్టు తీసేశాడు. ఆవిడని స్ట్రెచరు మీద పడుకోబెట్టి, చీర కుచ్చిళ్ళు సరిచేసి, దుప్పటి గడ్డందాకా లాగాడు. కట్టుడుపళ్ళు బిగువుగా కూర్చుని ఉండటంవల్ల ముఖం ఎక్కడా లోపలికి పోలేదు.

"ఇంటిదాకా నేను రానా అక్కా?" అన్నాడు.

"వద్దయ్యా. ఫెర్రీకి జనం వచ్చేశారు, చూడు. నేను మెల్లగా వెళతాను."

అతను తల ఊపి, చెక్కలు చంకల్లో పెట్టుకుని వెళ్ళాడు. వ్యాను కదిలింది. పళ్ళమ్మ ముఖం తుడుచుకుని, కారు తీసి, దాని వెనకే బయల్దేరింది. గుట్ట వైపు పోయే రోడ్డు మీద ఎండ ఇంకా మిగిలి ఉంది. పక్కసీటు వెనక్కి వాలే ఉంది. ముందద్దం కింద, మూల ధర చీటీతో, కాడలు తెరుచుకునే ఉన్న పెద్ద నల్లకళ్ళద్దాలు ఎదురుగా వస్తున్న రోడ్డునంతా చూస్తున్నాయి.